వలలో ఉన్నవాడు, ఫొటోలో ఉన్నవాడు

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక నా చేత నమ్మించాలని చూడొద్దు, ముందే చెబుతున్నాను. మా నాన్న గాజువాక దగ్గర ఒక చిన్న క్రైస్తవ సంఘానికి కాపరి. మీసాలు రాకముందే నాకు వాక్యం అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు. చనిపోయినవాళ్ళు తీర్పు రోజు దాకా నిద్రలో ఉంటారని నేర్చుకుని పెరిగాను. నిద్రలో ఉన్నవాళ్ళు లేచొచ్చి రుషికొండ సముద్రంలో ఈత కొట్టరు.

అయినా ఆ రోజు జరిగింది జరిగింది. జరగలేదని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

నేను స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాను. సెలవు రోజుల్లో డైవింగ్ చేస్తాను. పైనంతా ఇనుము, పొగ, సైరన్లు. నీటి అడుగున నా ఊపిరి తప్ప ఇంకేమీ వినపడదు. ప్రార్థన తర్వాత నాకు అంత నెమ్మది దొరికేది అక్కడే.

నా జోడీ నూకరాజు. జాలరిపేట వాడు. తాతలు తెప్ప మీద వేటకెళ్ళినవాళ్ళు. వీడు మాత్రం పోర్టులో కాంట్రాక్టు కింద ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకే పని చేస్తాడు. మా ఇద్దరికీ కులం వేరు, దేవుడు వేరు. అయినా నేను వాడికి బావని, వాడు నాకు బావ. ఇక్కడ అంతే.

మా డైవింగ్ క్లబ్బులో ప్రతి ఏడూ ఔత్సాహికులకు నీటి అడుగు ఫొటోల పోటీ పెడతారు. ఆదివారమైతే ఆరాధన మాని రానని నేను మొండికేస్తే, నవ్వుకుంటూనే ఆసారి శనివారానికి మార్చారు. జోడీలుగా దిగాలి. ఒకడు కెమెరా పట్టుకుంటాడు, రెండోవాడు చేపలనీ పీతలనీ వెతికి చూపిస్తాడు. ఫొటోలు దిద్దడానికి వీల్లేదు. బోటు ఎక్కగానే కెమెరాలోని మెమరీ కార్డు అప్పజెప్పాలి.

ఇంకో నియమం ఉంది. కార్డులో మొదటి ఫొటో, చివరి ఫొటో జోడీవే అయి ఉండాలి. బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి 'బాగానే ఉన్నాను' అని వాడు సైగ చేస్తుంటే తీయాలి. జోడీని వదిలేసి ఫొటోల వెంట పరిగెత్తేవాళ్ళు ఉంటారు కాబట్టి అలా పెట్టారు. సాయంత్రం ఫొటోలు తెర మీద వేసినప్పుడు, తీసినవాడు లేచి నిలబడి 'ఇతను నా జోడీ' అని నోటితో చెప్పాలి. మాకు అది అలవాటైపోయింది. చివరి ఫొటో తీశామంటే చెయ్యి దానంతటదే 'పైకి పోదాం' అని బొటనవేలు లేపుతుంది.

ఆ ఏడు గెలిచిన జోడీకి డైవింగ్ నేర్పే గురువులుగా శిక్షణ ఇప్పిస్తామన్నారు. నాకు అది వచ్చినా రాకపోయినా ఒకటే. నూకరాజుకి అలా కాదు. అది వస్తే పోర్టు మురికినీళ్ళలో గుల్లలు గీకే పని మానేయొచ్చు. పోటీకి ముందు నెలంతా వాడు ఇంకో మాట మాట్లాడలేదు.

వాడి కాళ్ళ సంగతి కూడా చెప్పాలి. కాళ్ళకు తొడుక్కునే ఫిన్నుల్లో ఒకటి విరిగిపోతే, దాని బదులు దొరికినదేదో తెచ్చుకున్నాడు. ఎడమకాలికి నలుపు, కుడికాలికి పసుపు. బోటు మీద అందరూ వాడిని ఆటో అని ఏడిపించేవాళ్ళు. వన్ టౌన్‌కి వస్తావా అని ఒకడు, మీటరు వెయ్యి అని ఒకడు. వాడూ తగ్గేవాడు కాదు. ముగ్గురు ఎక్కితేగానీ కదలనని చెప్పేవాడు.

ఆ ఉదయం మా బోటులో రెండు జోడీలమే. నీళ్ళు ఆకుపచ్చగా, పర్వాలేదనిపించేలా ఉన్నాయి. దిగగానే మొదటి ఫొటో తీశాను. కాసేపటికే నూకరాజు నా భుజం తట్టి ఒక తుప్పు పట్టిన గొట్టం చూపించాడు. అందులోంచి ఆక్టోపస్ కన్ను ఒక్కటే బయటికి చూస్తోంది. వాడు చూపించకపోతే నేను పక్కనుంచి వెళ్ళిపోయేవాడిని. నా జీవితంలో అంత మంచి ఫొటో మళ్ళీ తీయలేదు.

తర్వాత అడుగున ప్రవాహం లేచింది. ఒండ్రు రేగి చుట్టూ టీ నీళ్ళలా అయిపోయింది. తల తిప్పేసరికి నూకరాజు లేడు.

అప్పుడే చప్పుడు మొదలైంది. వీపు మీది గాలి సిలిండర్ మీద గట్టిగా కొడుతున్న చప్పుడు. 'ఆపదలో ఉన్నాను, రా' అని మా అందరికీ తెలిసిన పిలుపు అది. నీటి లోపల ఒక చిక్కుంది. శబ్దం బాగా వినపడుతుంది కానీ ఎటునుంచి వస్తోందో తెలియదు. అన్ని వైపులనుంచీ, మన తల లోపలినుంచీ వస్తున్నట్టే ఉంటుంది. నేను అటూ ఇటూ తిరుగుతూ, లోపల దేవుణ్ణి పిలుస్తూ వెతుకుతున్నాను.

ఒక రాతి పక్కన నూకరాజు కనిపించాడు.

నాకు ఎదురుగా, నిటారుగా, కదలకుండా ఉన్నాడు. కుడిచెయ్యి లేపి సైగ చేశాడు. బాగానే ఉన్నాను. నా ప్రాణం కుదుటపడింది. చెయ్యి దానంతటదే కెమెరా లేపింది, ఫొటో తీసింది. పైకి పోదామని బొటనవేలు చూపించాను.

చప్పుడు మాత్రం ఆగలేదు. నా ఎదురుగా ఉన్నవాడి రెండు చేతులూ ఖాళీ. అయినా సిలిండర్ మీద ఎవరో కొడుతూనే ఉన్నారు. బోటువాళ్ళు పిలుస్తున్నారేమో అనుకున్నాను.

వాడు పైకి రాలేదు. వెనక్కి తిరిగి ఈదుకుంటూ వెళ్ళిపోయాడు. జోడీ రాకుండా ఒక్కడే పైకి పోకూడదు. కోపంగానే వెంటపడ్డాను. మసకలో పసుపు ఫిన్ను పైకీ కిందకీ ఆడుతూ ముందు వెళ్తోంది. ఒక పెద్ద రాయి చుట్టూ తిరిగాను. అక్కడ ఎవరో ఎప్పుడో వదిలేసిన పాత వల రాళ్ళకు పట్టి వేలాడుతోంది.

అందులో నూకరాజు ఉన్నాడు.

ఎడమచెయ్యి, రెండు కాళ్ళూ వలలో బిగుసుకుపోయి ఉన్నాయి. మిగిలిన చేతిలో టార్చి. దానితోనే సిలిండర్ మీద కొడుతున్నాడు. కుడికాలికి ఫిన్ను లేదు. ఆ పసుపు ఫిన్ను వాడి తల పైన, వల కళ్ళలో ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ తాడు ముడులు పడి ఉన్నాయి. ఇది నేను కళ్ళారా చూశాను. చేతితో లాగాను కూడా, రాలేదు. నా కత్తెరతో వల కోసి, గాలి పీల్చే నా రెండో గొట్టం వాడి నోటికి అందించి, ఇద్దరం నెమ్మదిగా పైకి వచ్చాం. ఫిన్ను అక్కడే వదిలేశాం.

బోటు మీద ఊపిరి తీసుకున్నాక అడిగాను, నా ముందు అలా ఎందుకు ఈదుకుపోయావని. వాడు నావైపు అదోలా చూసి మొహం తిప్పుకున్నాడు. అలసట అనుకున్నాను. రెండో జోడీ మేము రాకముందే బోటెక్కి బట్టలు మార్చుకుని టీ తాగుతున్నారు. కింద ఇంకెవరూ లేరు.

ఒండ్రులో కళ్ళు మోసం చేస్తాయి. భయంలో ముందు జరిగింది వెనక జరిగినట్టు అనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చేదాకా నాకు నేను అదే చెప్పుకున్నాను. సాయంత్రం క్లబ్బు షెడ్డులో మా కార్డు తెర మీద వేసేవరకూ అదే మాట.

ఆక్టోపస్ కన్ను చూసి షెడ్డంతా చప్పట్లు కొట్టారు. గెలుపు మాదేనని అందరికీ తెలిసిపోయింది. తర్వాత చివరి ఫొటో వచ్చింది. ఆకుపచ్చ మసకలో నూకరాజు. మాస్కు వెనక వాడి కళ్ళే. వేళ్ళతో సైగ. ఒక కాలికి నల్ల ఫిన్ను, ఇంకో కాలికి పసుపు ఫిన్ను, రెండూ ఉన్నాయి. తల పైన బుడగలు లేవు. దాన్ని నేను రుజువుగా చెప్పను, ఊపిరికీ ఊపిరికీ మధ్య బుడగలు ఉండవు. ఫిన్ను సంగతి మాత్రం ఎవరు ఎలా తుడిచేస్తారో చెప్పండి. ఆ ఫొటో తీసేటప్పుడు నా చెవుల్లో మోగుతున్న చప్పుడును ఎలా తుడిచేస్తారు?

పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన రిటైర్డ్ నేవీ డైవరు, ఇతను మీ జోడీయేనా అని అందరినీ అడిగినట్టే నన్నూ అడిగారు.

పక్కన కూర్చున్న నూకరాజు నా చొక్కా లాగాడు. "నానే అని సెప్పీ బావా. నా బొమ్మే కదేటి."

లేచి నిలబడ్డాను. అవునంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు. వాడి బతుకు మారిపోతుంది. కానీ చూడనిది చూశానని, తెలియనిది తెలుసని నా నోటితో ఎలా చెప్పను? "చూడ్డానికి నూకరాజే సార్. కానీ అప్పటికి నూకరాజు వలలో ఉన్నాడు. ఇతను నా జోడీ అని నేను చెప్పలేను" అన్నాను.

వెనకనుంచి నవ్వులు వచ్చాయి. అయితే దెయ్యమా అని ఎవరో అడిగారు. అదీ చెప్పనన్నాను. పెద్దాయన మంచివాడు, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. నా మాట మారలేదు. చివరి ఫొటోలో జోడీ లేడు కాబట్టి మేము పోటీలో లేనట్టే. బహుమతి వేరేవాళ్ళకు వెళ్ళింది.

నూకరాజు నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఫోను ఎత్తలేదు. జాలరిపేటలో వాళ్ళింటికి వెళితే వాళ్ళమ్మ బయటికి వచ్చింది. ఫొటోలో ఉన్నది గంగమ్మ తల్లి పంపిన మనిషని, దానికి దండం పెట్టుకోకుండా పోటీలో తగువు పెట్టుకున్నానని చీవాట్లు పెట్టింది. ఇంటికొస్తే మా నాన్న ఇంకో దారి పట్టాడు. దేవుడు దూతను పంపాడు, ఆదివారం లేచి సాక్ష్యం చెప్పు అన్నాడు. దూత అని మీకెలా తెలిసింది నాన్నా అని అడిగాను. ఆయన ముందు నేను అలా మాట్లాడటం అదే మొదలు. వాక్యానికి ఏదీ కలపకూడదని నేర్పింది ఆయనే. షెడ్డులో కలపనిది సంఘంలో మాత్రం ఎలా కలుపుతాను?

ఆదివారం నేను సాక్ష్యం చెప్పలేదు.

కొన్నాళ్ళకు నూకరాజే వచ్చాడు. మా క్వార్టరు మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"ఒకటడుగుతాను, నిజం సెప్పు. నన్ను ఒగ్గీసి ఎందుకెల్లిపోయావ్?"

నాకు అర్థం కాలేదు. వాడు చెప్పాడు. వలలో చిక్కుకున్నాక మొదట నేను వచ్చానట. ఎదురుగా నిలబడి, బాగానే ఉన్నానని సైగ చేసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయానట. వాడు టార్చి ఊపాడట, సిలిండర్ మీద కొట్టాడట. నేను తల తిప్పలేదట. చాలాసేపటికి మళ్ళీ వచ్చి వల కోశానట. అప్పటినుంచీ వాడు మనసులో మోస్తున్నది పోయిన బహుమతిని కాదు, ఆ మొదటి రాకను.

"నేను వచ్చింది ఒక్కసారే బావా" అన్నాను.

వాడు నా కళ్ళలోకి చూశాడు. "ఆ సాయంత్రం ఒక్క అబద్దం ఆడుంటే, ఇప్పుడీ మాట నాను నమ్మీవోడ్ని కాదు," అన్నాడు. లేచి, "టీ పెట్టించు," అన్నాడు.

వాడికి నాలా కనిపించింది ఎవరో, నాకు వాడిలా కనిపించింది ఎవరో నాకు తెలియదు. వాళ్ళమ్మ చెప్పేది నేను ఒప్పుకోను, మా నాన్న చెప్పేదీ ఒప్పుకోను, కళ్ళ భ్రమ అనేవాళ్ళ మాటా ఒప్పుకోను. భ్రమ కెమెరాకు రాదు. దేవుడు ఉన్నాడని నాకు తెలుసు. ఇది ఆయన పనో కాదో ఆయన నాకు చెప్పలేదు.

ఇప్పటికీ ఇద్దరం దిగుతున్నాం. చివరి ఫొటో ఇప్పటికీ తీస్తాను. వాడు కుడిచేత్తో సైగ చేస్తాడు. వాడి ఎడమచేతి మణికట్టును నేను గట్టిగా పట్టుకుంటాను, ఆ పట్టు కూడా ఫొటోలో పడేలా తీస్తాను. ఫొటో పాడైపోతోందని క్లబ్బువాళ్ళు అంటారు. అననివ్వండి. పైకి వచ్చేదాకా ఆ చెయ్యి నేను వదలను.