నేను చదవని వరస

మొన్న వీధిలో దూదేకులాయన పాత పరుపు విప్పి ఏకుతుంటే, నూగు గాలికి లేచి నా ముక్కులో దూరింది. తుమ్ము వచ్చేలోపలే ఇంజను ఖాసిం సాబు వచ్చి కళ్ళముందు నిలబడ్డాడు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఆదోనిలో ఒక పత్తి మిల్లును ఒక్క గొంతుతో ఆపినవాణ్ణి నేను. నేను కాగితం చదివాను, సాబు ఇంజను ఆపాడు, మేనేజరు కాళ్ళబేరానికి వచ్చాడు. మనవళ్ళకు ఇట్లాగే చెబుతూ వచ్చాను.

సాబు మిల్లు ఇంజను నడిపేవాడు. కట్టెపుల్ల ఒక కొన ఇంజనుకూ, ఇంకో కొన చెవికీ ఆనించి లోపల ఏది అరిగిందో చెప్పేవాడు. తెలుగు గలగలా మాట్లాడేవాడు గానీ అక్షరం రాదు. మూడో ఫారం దాకా చదివిన నన్ను పనిలో పెట్టించి, "మా అందరి కండ్లూ నువ్వేప్పా, తిమ్మప్పా" అన్నాడు.

పత్తి అయిపోగానే ఎండాకాలం మిల్లు మూసేవాళ్ళు. కొత్త పత్తి రాగానే పాతవాళ్ళనే ముందు పేరుపెట్టి పిలవాలి, అది మా ఒప్పందం. ఆ పిలుపు మీద నమ్మకంతోనే ఆ నెలలన్నీ అర్ధాకలితో నెట్టుకొచ్చేవాళ్ళం. ఒక ఏడు మిల్లు మూసే ముందు మేనేజరు కొత్త ఒప్పందం కాగితం తెచ్చి, అందరూ వేలిముద్ర వేయాలన్నాడు.

సాబు నవ్వాడు. "మన్ని అడక్కుండా మార్చేకి అయితే మన బొటనేలుతో వాళ్ళకేం పనప్పా? వద్దనే హక్కు మనకుండాది. తిమ్మప్ప చదవనీ, విన్నాక చూస్తాం."

ఇక నిజం చెబుతాను. ముందురోజే మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "ఐదో వరస నీ నోట్లోంచి రాకుంటే గుమాస్తా కుర్చీ నీది" అన్నాడు. పాతవాళ్ళను మళ్ళీ పిలవాల్సిన పూచీ మిల్లుకు లేదని ఆ వరసలో ఉంది. నాలుగు వరసలు చదివాను, దగ్గాను, ఆరోది చదివాను. ఇంజను ఆగలేదు. అందరూ ముద్రలు వేశారు. సాబు ఒక్కడే నా మొహం చూసి కనిపెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ముద్ర వేయకుండా గేటు దాటిపోయాడు.

కొత్త పత్తి వచ్చింది. మూడు రోజులు పాతవాళ్ళు పిలుపు కోసం గేటు బయట నిలబడ్డారు. నేను లోపల కుర్చీలో కూర్చుని కొత్తవాళ్ళ పేర్లు రాసుకున్నాను. పత్తి మర దగ్గర పనిచేసిన నాగమ్మ కిటికీ కాడికి వచ్చి, "అన్నా, నా పేరుండాదేమో చూడన్నా" అంది. నేను తలెత్తలేదు. కొందరు పిల్లల్ని చంకనేసుకుని బళ్ళారి వైపు పోయారు. వాళ్ళేమయ్యారో నాకు తెలియదు.

ఇప్పటికీ ఏ కాగితం చేతికొచ్చినా ముందు ఐదో వరస చూస్తాను. ఎవరికీ మేలు చేయని అలవాటు. సాబు ఒక్కడైనా నా వల్ల మోసపోలేదనే ముక్క పట్టుకుని ఇన్నేళ్ళు బతికాను.

ఇదంతా రాసి, మా వీధి చివరే ఉంటున్న నాగమ్మకు నిన్న చదివి వినిపించాను. వక్క నములుతూ విన్నది.

"ఈసారన్నా అన్ని వరసలూ చదివినావా?"

"చదివినా."

"మరి ఆయప్ప ముద్ర ఏయలేదని యాడ చూసినావు? మొట్టమొదట ఏసిందే ఆయప్ప. ఎనక్కి జరిగిన నన్ను గూడా పిల్చి, 'తిమ్మప్ప చదివినాడు, ఇంగేం భయం' అని ఏపిచ్చినాడు. గేటు కాడ మూడు దినాలూ నా పక్కనే నిలబడినాడు. నువ్వు తలెత్తింటే కదా కనపడేకి!"