గంగమ్మకు చుక్కల గీత గీయను

2018 వేసవి. కుప్పం ప్రాంతపు గొర్రెల కాపరుల బంధుత్వాలను నమోదు చేసే ఒక పరిశోధనలో నేను కిన్‌షిప్ చార్టులు గీసేవాణ్ణి. కిన్‌షిప్ చార్ట్ అంటే బంధుత్వ పటం. మగవారికి త్రికోణం, ఆడవారికి వృత్తం. దాంపత్యానికి రెండు సమాంతర గీతలు, ఉంపుడు సంబంధానికి చుక్కల గీత.

గుడుపల్లె దగ్గరి ఒక ఊళ్లో రెడ్డెప్ప ఇంట ఇద్దరు స్త్రీలు. మునెమ్మకు ఆయన తాళి కట్టాడు. తర్వాత పుంగనూరు వైపు నుంచి వచ్చిన గంగమ్మకు కట్టలేదు.

మా పరిశోధనకు పెద్ద ఒక విశ్రాంత ఆచార్యుడు. మానవ సమాజం సామూహిక వివాహంతో మొదలై, ఉంపుడుకత్తెల దశ దాటి, ఏకపత్నీ వివాహానికి చేరిందన్న పాత సిద్ధాంతం ఆయనకు ప్రాణం. ఈ ఇల్లు ఆ నడిమి దశకు సజీవ అవశేషమట. మదనపల్లెలోని ఒక కాలేజీ ప్రదర్శనలో ఈ పటాన్ని ఆ శీర్షికతోనే పెట్టాలన్నారు.

సంగతి విన్న గంగమ్మ ముఖం వాడిపోయింది.

"మా పాప ఆ కాలేజీలోనే సదువుతాండాది సారూ. గోడమింద నన్నేమని రాస్తారు?"

"ఉంపుడుకత్తె అని," అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను.

మునెమ్మ ఒక గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి నా ముందు నిలబెట్టింది.

"దీని చెవి సూడప్పా. ఈ కోత మా ఇంటి గురుతు. గంగమ్మ ఎంట తెచ్చుకున్న గొర్రెలకూ, వాటి పిల్లలకూ నేనే ఏసినా. ఉంచుకున్నదాని గొర్రెకు ఇంటి గురుతు యాల ఏస్తారు? మీ పెద్దసారును ఈడికి రమ్మను, ఆయన చెవికీ ఒకటి ఏస్తా!"

గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇద్దరికీ సమాంతర గీతలే గీశాను. ఆచార్యులవారు పటం చూసి మండిపడ్డారు.

"తాళి లేదు కదా, చుక్కలు పెట్టు."

"మన పద్ధతిలో ఆ గీతలకు ఆధారం తాళి కాదు సార్, ఇంటివాళ్ల అంగీకారం. మీరు నేర్పిందే."

"మరి సిద్ధాంతం?"

"ఆదిమానవుల కాపురాలు మీరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఈ ఇల్లు నేను చూశాను."

"గీయకపోతే రేపటి నుంచి రావద్దు."

పటం చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బయటికి నడిచాను. ప్రదర్శన ఆ ఇల్లు లేకుండానే జరిగింది.

ఆనాటి నుంచి ఏ పటాన్నైనా పెన్సిలుతోనే గీసి, ముందు ఆ ఇంటివాళ్లకు చూపిస్తాను. వాళ్లు సరేనన్నాకే సిరా. ఇది శాస్త్రీయం కాదని ఆయన ఇప్పటికీ అంటున్నారట. అననివ్వండి.