చందనం కింది చెవులు

నిన్న సీతమ్మధారలో పక్కింటివాళ్లు ఇచ్చిన సింహాచలం చందనం వాసన చూడగానే అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు పోర్టులో పనిచేసే నాన్న జ్వరంతో మంచం పట్టాడు. ఆసుపత్రి మందులు వాడుతున్నా తగ్గలేదు. పెద్దమ్మ సోదెమ్మ దగ్గర తాయెత్తు తెచ్చింది. అమ్మ దాన్ని ముట్టుకోలేదు, సింహాచలం అప్పన్నకే మొక్కుకుంది.

“ఏడాదంతా సందనం కప్పుకుని కూకున్న అప్పన్నకి నీ గోడేటి ఇనిపిస్తాదే?” అంది పెద్దమ్మ.

“ముసుగెట్టి తొంగున్నా తల్లికి పిల్లోడి ఏడుపు ఇనిపించదేటప్పా?” అంది అమ్మ తన అక్కతో.

నాకు పెద్దమ్మ మాటే నిజమనిపించింది. చందనంతో దేవుడి చెవులు పూడుకుపోయాయనుకున్నాను. ఆమె కిటికీలో వదిలి వెళ్లిన తాయెత్తును ఎవరూ చూడకుండా నాన్న మంచం కోడుకు కట్టేశాను.

నాన్న కోలుకున్నాడు. తాయెత్తు చూసిన పెద్దమ్మ, “సివరికి మా సెల్లే కట్టింది” అని వాడంతా చాటింది. బంధువులు ఇప్పటికీ అదే నమ్ముతారు. కట్టింది అమ్మ కాదు, నేను.

అమ్మకు తెలుసు. ఆ ముడి విప్పుతూ, “బయమేసిందేట్రా నాయినా?” అని మాత్రం అడిగింది. తలూపాను.

“ఈసారి బయమేత్తే నన్ను లేపు. ఇద్దరం కలిసి ఆయన్నే పిలుద్దాం.”

అమ్మ ఇప్పుడు లేదు. అయినా నేను అప్పన్నను పిలిచినప్పుడల్లా, ఒక్కడినే పిలుస్తున్నానని ఎన్నడూ అనిపించలేదు.