గుమ్మంలో బాపు

డాక్టరు అడిగింది చిన్న ప్రశ్నే. గుమ్మం దగ్గరికి రాగానే మీ నాన్నగారికి సరిగ్గా ఏమవుతోందో ఒక్క వాక్యంలో రాసి పంపండి, అన్నాడు. నాగపూర్ డాక్టరు, మరాఠీలో రాసినా సరిపోయేది. కానీ ఆయన ఫోన్లో ఇంగ్లీషులో అడిగాడు. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచర్ని, నేను తగ్గుతానా? ఇంగ్లీషులోనే పంపుతానన్నాను. ఆ ఒక్క వాక్యం దగ్గర మధ్యాహ్నమంతా కూర్చున్నాను.

మాట తప్పితే మందు తప్పుతుందని అప్పటికే తెలిసొచ్చింది. అంతకుముందు మంచిర్యాలలో చూపించినప్పుడు, గుమ్మం దాటడానికి భయపడుతున్నాడని చెప్పాం. అక్కడ భయానికి మాత్రలు ఇచ్చారు. అవి వేసుకుని బాపు మంచానికి అతుక్కుపోయాడు. మా ఇంట్లో నాన్నను బాపు అంటాం. ఈసారి కూడా తప్పు మాట పంపితే ఆయన ఇక లేచి నడవడేమోనని నాకు గుబులుగా ఉంది.

డిలే అని రాసి కొట్టేశాను. డిలే అయ్యేది అల్లపల్లి బస్సు, మా బాపు కాదు. హిండర్ అంటే దారికి ఏదో అడ్డం పడాలి. మా గుమ్మంలో ఊడ్చిన నేల తప్ప ఏమీ లేదు. స్లో కూడా కాదు, చిన్న చిన్న అడుగులతోనే అయినా వాకిట్లో ఆగకుండా తిరుగుతాడు. రెస్ట్రెయిన్ అని రాసి చూసుకుని గబుక్కున కొట్టేశాను. ఆ మాటకు చేతులు కావాలి, వెనక నుంచి పట్టుకునేవాడు ఒకడు కావాలి. నిజం చెప్పాలంటే బాపు ఆగే తీరుకు అచ్చంగా సరిపోయిన మాట అదే. ఛాతీ ముందుకు వంగేది, మడమలు లేచేవి, పాదాలు మాత్రం నేలను వదిలేవి కావు. చొక్కా కొసను ఎవరో గుప్పిట్లో బిగించినట్టు ఉండేది.

మొదట్లో మాకు అది జబ్బని తట్టనే లేదు. మా ఇళ్లలో బయల్దేరేవాళ్లను వెనక నుంచి పిలవకూడదు. ఎవరైనా పిలిచినా, తుమ్మినా వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అల్లపల్లి కలప డిపోలో పనిచేసినన్నాళ్లూ బాపు దీన్ని నిష్ఠగా పాటించాడు. ఈ పట్టింపుతో ఎన్ని బస్సులు పోగొట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. అందుకే మొదటిసారి గుమ్మంలో ఆగినప్పుడు అమ్మ ఏమీ కంగారు పడలేదు.

"ఏమయ్య, ఎవలన్న పిలిసిండ్రా?" అంది.

"పిలిసినట్టే ఉన్నది," అన్నాడు బాపు.

"అయితే జర కూసో. ఇన్ని నీళ్లు తాగి పో."

కూర్చున్నాడు, తాగాడు, లేచి సులువుగా గడప దాటి వెళ్లిపోయాడు. మా నమ్మకం గట్టిపడటానికి అంతకంటే ఏం కావాలి? మందు పడాల్సిన కాలమంతా అలా నీళ్లతో గడిచిపోయింది.

పోనుపోను అమ్మ అడగడం మానేసింది. బాపు ఆగగానే తనే వెనక్కి తిరిగి, చీకటిగా ఉండే నడిమింట్లోకి చూసేది. పిలిచింది ఎవరో కనిపిస్తారన్నట్టు. నేనూ చూసేదాన్ని. చదువుకున్నదానివి నీకేం వచ్చిందని నా మీద నాకే కోపం వచ్చేది, అయినా చూసేదాన్ని. అక్కడ ఎప్పుడూ ఎవరూ లేరు.

వాక్యం కుదరక తల పట్టుకున్న ఆ మధ్యాహ్నం కూడా బాపు గుమ్మంలో ఆగిపోయి ఉన్నాడు. రెండు చేతులూ చెరో వైపు చట్రానికి ఆనించి, వాకిలి వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. వాన అప్పుడే వెలిసింది. అమ్మ లోపల జ్వరంతో పడుకుంది. ఇక విసుగొచ్చి ఆయన్నే అడిగేశాను.

"బాపూ, నిన్ను ఎవలు ఆపుతున్నరే?"

ఆయన తల తిప్పలేదు. "నన్నెవలు ఆపుతరు బిడ్డా? నేనే ఆపుతున్న."

"ఎవల్ని?"

"మెల్లగ మాట్లాడు. మీ అమ్మ పండుకున్నది."

ఆయన భుజం మీదుగా బయటికి చూశాను. తడిసిన వాకిలి, దండెం మీద తీయడం మరిచిన చీర, అంతే. పడిపోకుండా చట్రాన్ని పట్టుకున్నాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ చేతులు దారికి అడ్డంగా చాచినట్టున్నాయి. నేను రాసి కొట్టేసిన వాటన్నిటిలో ఆగేది ఆయనే. ఆపేది ఆయనే కావచ్చని నాకు ఒక్కసారీ తోచలేదు.

డాక్టరుకు ఆ మాట రాయలేదు, భయపడ్డాను. గుమ్మం రాగానే ఆగిపోతారు, స్టాప్స్, అని మాత్రం రాసి, ఆయన నడకను వీడియో తీసి పంపాను. డాక్టరు వెంటనే ఫోన్ చేశాడు. ఇది నరాల జబ్బు, ఇలా గుమ్మాల దగ్గర కాళ్లు అతుక్కుపోవడం చాలామందిలో చూస్తాం, మందుకు లొంగుతుంది అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. అమ్మ చేతులు జోడించి ఫోనుకే దండం పెట్టింది.

మాత్రలు పనిచేశాయి. కొన్ని వారాలకు బాపు ఎక్కడా ఆగకుండా గుమ్మం దాటి, వాకిలి దాటి, రోడ్డు దాకా వెళ్లి రాసాగాడు. వీధిలో వాళ్లు ఆపి మరీ పలకరించేవాళ్లు. ఒక మధ్యాహ్నం అలాగే తిరిగొచ్చి అరుగు మీద కూర్చుంటే, పక్కన చేరి వేళాకోళానికన్నట్టు అడిగాను.

"ఏం బాపూ, ఇగ ఆపుతలేవా?"

ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం జెయ్యాలె బిడ్డా, ఆగుదామంటె కాళ్లు నా మాట ఇంటలెవ్వు. ఊకె నడుస్తున్నయి."

ఇంట్లో అమ్మ నిద్రపోతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. నేను లేచి వెళ్లి, రెండు చేతులూ చెరో వైపు చట్రానికి ఆనించి, వాకిలి వైపు తిరిగి గుమ్మంలో నిలబడ్డాను.