రైలు చప్పుడులో అల్లిన దుప్పటి

నా చిన్నప్పుడు నేను క్రోషా అల్లిక నేర్చుకున్నది రంగుల మీద ఇష్టంతో కాదు. చేతిలో అల్లిక ఉంటే తల వంచుకుని కూర్చోవచ్చు, ఎవరూ పలకరించరు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మా ఇల్లూ, మా చర్చీ ఎర్రగుంట్లలో, రైలు పట్టాల పక్కన. చర్చిలో కోత పండుగనాడు ప్రతి ఇంటివాళ్లూ తమ పంటలో కొంత తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. తెచ్చిందేమిటో ఆ ఇంటి చిన్నపిల్ల నిలబడి అందరికీ వినపడేలా చెప్పాలి. ఒక ఏడు మేం గుమ్మడికాయ తీసుకెళ్లాం. నా నోరు పెగల్లేదు. పక్కింటి అత్త, "పోనీలే, గుమ్మడికాయని కనపడతానే ఉండాది కదా" అంది. చర్చంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా పలకడానికే భయపడేదాన్ని.

మరుసటి ఏడు వానల్లేక మా శనక్కాయ చేను ఎండిపోయింది. మా జేజి, అంటే నాన్నమ్మ, పాత స్వెట్టర్లు విప్పి ఆ ఊలుతో దుప్పటి అల్లి పెడదామంది. అరచేయంత చదరాలు ఇద్దరం రకరకాల రంగుల్లో అల్లి, అన్నీ కలిపి కుట్టాలి. చర్చిలో చెప్పాల్సింది మాత్రం మళ్లీ నేనేనట.

పక్కింటి అత్త గోడ మీదుగా తొంగిచూసి, "ఏమత్తా, ఈ ఎండలకు ఊలు దుప్పటా? కోడిగుడ్లు పొదిగిస్తాండావా ఏంది?" అంది.

"ముందు నీ నోటికి కప్పుతాలే, పో" అంది జేజి.

ఊళ్లోని సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకు కళ్లు మసకబారాయనీ, కుట్లు నన్నే పైకి లెక్కపెట్టమనీ జేజి అంది. మూడు పొడుగు కుట్లు, ఒక గొలుసు కుట్టు; మూల దగ్గర రెండు గొలుసులు. నేను గొణిగితే ఆమె మూల గొలుసులు వదిలేసి అల్లుకుపోయేది. చదరం గిన్నెలా ముడుచుకునేది. దాన్ని నెత్తిన బోర్లించుకుని, "వినపల్లేదు మే, చూడు, టోపీ అయిపాయ" అనేది. విప్పి మళ్లీ మొదలు. రైలు వచ్చినా ఆపనిచ్చేది కాదు. "గట్టిగా చెప్పు పాపా, రైలు పోతాండాది" అనేది. పండుగ దగ్గరపడేసరికి నా లెక్క గూడ్సు బండి చప్పుడును దాటి పోయేది. "మూల వచ్చింది మే, రెండు గొలుసులు" అని పక్కింటి అత్త కూడా గోడ అవతలి నుంచి అందించేది.

పండుగనాడు మా వంతు వచ్చింది. జేజి దుప్పటి మడత విప్పుతుండగానే రైలొచ్చింది. పాస్టరు అయ్యగారు కాస్త ఆగమని చెయ్యెత్తారు. నేను ఆగలేదు.

"మా చేను ఎండిపాయ. ఇది మా జేజీ నేనూ అల్లిన దుప్పటి. ఈ ఏడు ఇదే మా పంట."

వెనక వరుస దాకా వినపడింది. మొదట చప్పట్లు కొట్టింది పక్కింటి అత్తే.

ఇంటికొచ్చాక, ఊడిన నా గౌను గుండీ కుట్టడానికి జేజి కూర్చుంది. సన్నసూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది. నేను చూశానని గమనించి, తల తిప్పుకుని నవ్వింది.

ఇప్పటికీ నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయమే. మూడు కుట్లు, ఒక గొలుసు అనుకుంటాను లోలోపల. మాట వచ్చేస్తుంది. పోయిన ఏడు కడప ఆస్పత్రిలో జేజి మంచం పక్కన కూర్చుని, నాకు టీచరు ఉద్యోగం వచ్చిందని ఆమె చెవిలో మెల్లగా చెప్పాను. ఆమె కళ్లు తెరిచి ఒక మాట అంది. అప్పుడు నేను వార్డంతా తిరిగి చూసేలా మళ్లీ చెప్పాను. దగ్గర్లో పట్టాలే లేవు. అయినా పెదవి చివర నవ్వుతో ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే: "గట్టిగా చెప్పు పాపా, రైలు పోతాండాది."