అన్సార్ చెక్క

ఆ రోజుల్లో సిద్దిపేటలో కారు నడిపేవాళ్లలో సగం మంది దగ్గర ఒక తుమ్మచెక్క ముక్క ఉండేది. బొటనవేలంత ఉంటుంది. కొందరు దాన్ని తాళంచెవికి కట్టుకునేవారు, కొందరు దేవుని పటాల పక్కన పెట్టుకునేవారు. ఇచ్చింది డ్రైవింగ్ నేర్పే అన్సార్.

అన్సార్ పద్ధతి వేరు. కొత్తవాడు ఎక్కే ముందు తన పాత అంబాసిడర్‌లో యాక్సిలరేటర్ పెడల్ కింద ఆ చెక్క బిగించేవాడు. ఎంత తొక్కినా పెడల్ సగానికే ఆగిపోయేది. వాడి కాలికీ కంటికీ పొత్తు కుదిరిందని నమ్మకం కలిగిన రోజున చెక్క ఊడదీసి వాడి చేతిలో పెట్టి, "ఇగ నీ కాలే నీకు చెక్క, పో బేటా" అనేవాడు. సర్కారు లైసెన్సు ఆ తర్వాతి మాట. ఇరవై ఆరేళ్లలో అన్సార్ చెక్క అందుకున్నవాడెవడూ ఎవర్నీ గుద్దలేదని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అన్సార్ గడ్డం నిమురుకునేవాడు. మనిషన్నాక ఆ మాత్రం గర్వం ఉండొద్దా మరి!

తొంభై నాలుగు ఎండాకాలంలో రైసుమిల్లు లింగమూర్తి కొడుకు చంద్రశేఖర్‌కు ఆ చెక్క అందింది. పందొమ్మిదేళ్లవాడు. తొందరెక్కువే గానీ చెప్పింది వినేవాడు. రెండు నెలలు తిరిగాయో లేదో, కొడుకు పోరు పడలేక లింగమూర్తి హైదరాబాదులో ఎవరో వాడిన విదేశీ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రది. రెండే తలుపులు. నేలకు పొట్ట ఆనించినట్టు ఉంటుంది. తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోతుందని, కొన్ననాడు నడిపి చూసిన చంద్రశేఖర్ ఊరంతా చెప్పుకు తిరిగాడు.

కొనిచ్చిన తండ్రికే ముందు గుండె జారింది. మర్నాడు పొద్దున్నే అన్సార్ ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్సార్ భాయ్, గా బండి మా పోరనికి సరిపోతదా?"

"కొనకముందు అడగాలె సేటు. ఇప్పుడడిగితే నేనేం జెప్పాలె?"

"రాత్రంత నిద్ర వట్టలే. వానికి తెల్వకుండ నీ చెక్క అండ్ల పెట్టు. నీ కాళ్లు మొక్కుత."

ఒప్పుకోకూడదు. చెక్క తీసి చేతికిచ్చాక మళ్లీ పెట్టడమంటే ఇచ్చిన మాటను వెనక్కి లాక్కోవడమే. అది అన్సార్‌కు తెలియక కాదు. కానీ వీడెక్కడైనా గుద్దితే ఇరవై ఆరేళ్ల పేరు ఒక్క పూటలో మట్టిగొట్టుకుపోతుందని అతనికీ లోపల బెదురు పుట్టింది. పైకి మాత్రం పిల్లవాడి మంచికేనని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చంద్రశేఖర్ అన్నం తింటున్న వేళ మిల్లు షెడ్డులోకి వెళ్లి, ఎర్ర కారు పెడల్ కింద ఇంకో చెక్కను తీగతో బిగించి, పైన మ్యాట్ పరిచాడు.

చేతులు తుడుచుకుంటుంటే కుర్రవాడు రానే వచ్చాడు.

"చాచా, నువ్వు గీడనే ఉన్నవా! కరీంనగర్ రోడ్డు మీద ఒక్క చక్కర్ కొట్టొద్దాం, పక్కన కూసో."

కాదంటే అనుమానం వస్తుంది. కూర్చున్నాడు.

ఊళ్లో ఉన్నంతసేపూ బాగానే నడిచింది. ఊరు దాటాక ముందు బస్తాల లారీ ఒకటి అడ్డమైంది. చంద్రశేఖర్ హారన్ కొట్టాడు. లారీ డ్రైవరు చెయ్యి బయటికి చాపి పొమ్మని ఊపాడు. దూరంగా ఎదురుగా ఎర్ర బస్సు కనిపిస్తోంది. ఈ బండి లాగుడుకు ఆ దూరం ఎక్కువేనని లెక్కేసుకుని కుర్రవాడు కుడికి తీసి తొక్కాడు.

కారు లారీ నడుము దాకా వెళ్లింది. అక్కడే ఉండిపోయింది. పక్కన మనిషెత్తు చక్రం గిర్రున తిరుగుతోంది.

"చాచా, గుంజుతలేదు! మొత్తం తొక్కిన, గుంజుతలేదు!"

బస్సు లైట్లు వెలిగాయి. హారన్ ఆగకుండా మోగుతోంది. కుడివైపు కల్వర్టు గోడ. అన్సార్ కుడికాలు తనకు తెలియకుండానే బ్రేకు కోసం వెతికింది. అంబాసిడర్‌లో నేర్పేవాడి వైపు కూడా బ్రేకు ఉంటుంది. ఇక్కడ ఉత్త మ్యాటే తగిలింది. తాను కట్టిన తీగే ఇద్దరి మెడలకూ చుట్టుకుందని అప్పుడు తెలిసింది. అల్లా, వీణ్ని నేనే చంపుతున్నాను అనుకున్నాడు.

చంద్రశేఖర్ కాలు తీసేశాడు. బ్రేకు నొక్కాడు. లారీ ముందుకు జారిపోగానే దాని వెనక సందులోకి కారును తిప్పాడు. బస్సు అద్దాలు అదిరేలా పక్కనుంచి దూసుకుపోయింది.

చంద్రశేఖర్ రోడ్డు పక్కన బండి ఆపాడు. కుర్రవాడి చొక్కా తడిసి ముద్దయింది. జేబులోంచి చెక్క ముక్క తీసి అన్సార్ ముందు పట్టాడు.

"తప్పు నాదే చాచా. దూరం తప్పు జూసిన. గిది నువ్వే తీస్కో. దాటలేకపోతే సిగ్గువడకు, ఎనుకకు రా అని నువ్వు జెప్పిన మాటే బతికిచ్చింది."

అన్సార్ తలుపు తీశాడు. కిందికి దిగి, అటువైపు తిరిగి వెళ్లి, కుర్రవాడి కాళ్ల దగ్గరి మ్యాట్ లేపి, పెడల్ కింద తాను కట్టిన చెక్కను చూపించాడు.

"తప్పు నీది గాదు బేటా. నాది."

చంద్రశేఖర్ దాన్ని చూశాడు, చేతిలోని దాన్ని చూశాడు. మొహం ఎర్రబడింది.

"చెక్క ఇచ్చినవు గదా చాచా. ఇచ్చినంక గిదేంది? సచ్చేటోళ్లం గదా!"

అన్సార్ వంగి తీగ విప్పబోయాడు. కుర్రవాడు అతని చెయ్యి పక్కకు తీశాడు.

"ఉండనీ. ఉన్నదని తెలిస్తే నేను గా లారీ జోలికే పోయేటోన్ని కాదు. ఇప్పుడు తెలిసింది గదా. ఎప్పుడు తియ్యాల్నో నేనే జెప్త."

తీగను తనే గట్టిగా బిగించుకున్నాడు. తిరుగుదారిలో ఒక ఎడ్లబండి వెనక కూడా ఓపిగ్గా వచ్చాడు.

మిల్లు గేటు దగ్గర లింగమూర్తి ఎదురొచ్చి, "సరిపోతదా భాయ్?" అన్నాడు. హమాలీలంతా వింటుండగానే అన్సార్ జరిగింది జరిగినట్టు చెప్పి, "బండి సంగతి పోరన్నే అడుగు సేటు. నన్నడగకు" అన్నాడు.

ఏడాది గడిచాక చంద్రశేఖర్ వచ్చి చెక్క తీయమన్నాడు. ఆ లారీ సంగతి జరిగిన నాటి నుంచి అన్సార్ నేర్చుకునేవాడి చేతనే చెక్క బిగింపించేవాడు. ఊళ్లో ఎవరైనా పాత మాట ఎత్తి, నీ దగ్గర నేర్చుకున్నోడు గుద్దడు అంటే మాత్రం, అతని చెయ్యి గడ్డం దాకా వెళ్లేది కాదు.