తాత తలాపున అవ్వ రోటిగుండు

అల్ ఖోబర్‌లో మా వంటింటి గట్టు మీద, మిక్సీకీ నీళ్ల ఫిల్టరుకీ మధ్య, గుండు లేని రోలు ఒకటి ఉంటుంది. ప్రస్తుతం అందులో నాలుగు వెల్లుల్లి పాయలూ, కారు తాళాలూ, మా అమ్మాయి సనా జడ రబ్బర్లూ కాపురం చేస్తున్నాయి. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ దాన్ని చూసి "గుండేదమ్మా?" అని అడగడమే. "వాడుకలో ఉంది" అంటాను. రోలు ఇక్కడుంటే గుండు వాడుకలో ఉండడమేమిటని నా మొహంలోకి వింతగా చూస్తారు. చూడనీ. ఎప్పుడైనా పండక్కి ముందు వేణ్ణీళ్లు పోసి రోలు కడిగానంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా, వేయించిన చెనిక్కాయలూ ఎండుమిరపకాయలూ కలిసిన వాసన ఒకటి సన్నగా పైకి లేస్తుంది. అది నా భ్రమ అని మా ఆయన అంటాడు. ఆయనకేం తెలుసు, ఆయన మా అవ్వను చూళ్లేదు.

నా చిన్నప్పుడు మేం పాత ఖోబర్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో, వరండాలోకి తెరుచుకునే రెండు గదుల్లో ఉండేవాళ్లం. నాయన ఒక కంపెనీలో డ్రైవరు. ఎండాకాలం సముద్రపు ఉక్కకి కిటికీ అద్దాలు బయటివైపు చెమటలు కక్కేవి, ఉత్తరపు గాలి లేచిందంటే తలుపు సందుల్లోంచి పిండిలాంటి ఇసుక వచ్చి అన్నం పళ్లెంలో దాకా కూర్చునేది, అమ్మ తడిగుడ్డలు గడప కింద కుక్కుతూ ఆ గాలిని మా కడప యాసలో ఇష్టమొచ్చినట్టు తిట్టేది. చలికాలం వచ్చిందంటే మాత్రం మాకు రాజ్యమే. ఏసీలు కట్టేసి కిటికీలు బార్లా తెరిచేవాళ్లు, కింద కార్లు నిలిపే చోట సుద్దముక్కతో గళ్లు గీసి మలయాళీ పిల్లలతోనూ పాకిస్తానీ పిల్లలతోనూ తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, సాయంత్రం రొట్టెల పొయ్యి దగ్గర వరసలో నిలబడి ఇంటికి తెచ్చేలోపే వేడి రొట్టె అంచులన్నీ కొరికేసి తన్నులు తినేవాళ్లం. రంజాను నెలలో పక్కింటివాళ్లు గోధుమ, మాంసం కలిపి మెత్తగా ఉడికించిన హరీస్ పంపితే, అమ్మ బదులుగా బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీలూ పంపేది. హైదరాబాదు పిల్లలు మాత్రం "మీరేం ముసల్మానులు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు" అని ఏడిపించేవాళ్లు. మేం దూదేకులవాళ్లం, మా ఇంట్లో దువా తప్ప తిట్లూ ముద్దులూ అన్నీ తెలుగులోనే.

మాకంటే ముందు ఈ దేశం వచ్చినవాడు తాత. ఖతీఫ్ దాటి ఎడారి వైపు పోతే వచ్చే ఒక పల్లెలో, ఖర్జూరపు తోటలో నీళ్లు కట్టే పని ఆయనది. బాగా పొడుగు మనిషి, మా గదిలోకి వస్తూ ప్రతిసారీ ద్వారబంధానికి తల కొట్టుకుని, ప్రతిసారీ ద్వారబంధాన్నే తిట్టేవాడు. శుక్రవారాలు సంచినిండా ఖర్జూరాలు తెచ్చేవాడనీ, ఆయన చేతులు ఖర్జూరప్పండూ మోటారు డీజిలూ కలిసిన వాసన వేసేవనీ, నన్ను ఎత్తి పైకప్పు తాకించేవాడనీ గుర్తు. అంతకుమించి గుర్తు లేదు. ఒక ఎండాకాలం ఆయన తోటలోనే కూలబడిపోయాడు, సాయంత్రానికల్లా ఆ పల్లె శ్మశానంలోనే మట్టి చేశారు. ఊళ్లో ఉన్న అవ్వకు కబురు ఆ తర్వాతే అందింది. మొగుడి మొహం చూళ్లేదు, పిడికెడు మట్టి వేయలేదు.

మా వైపు గోరీ అంటే దాని మీద నల్లటి కడప బండ ఉండాలి, బండ మీద తెలుగు అక్షరాల్లో పేరూ, తండ్రి పేరూ, ఊరూ చెక్కించాలి, షబే బరాత్ నాడు సున్నం కొట్టి, పూలు కప్పి, ఊదొత్తులు వెలిగించాలి. ఇక్కడ అదేమీ లేదు. చిన్న మట్టి దిబ్బ, తలాపున ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి, అక్షరం ఉండదు. షేకైనా గొర్రెల కాపరైనా ఒకటే పద్ధతి. పెద్దయ్యాక ఆ పద్ధతిలోని పెద్దరికం నాకు తెలిసొచ్చింది గానీ, ఊళ్లో కూర్చుని ఫోనులో అది విన్న అవ్వకు మాత్రం గుండె మండిపోయింది. "పేరు గూడా రాయనీరా? మడిసి బతికినట్టు ఎట్ల తెలుస్తాది?" అని ఫోనులోనే నాయనతో పోట్లాడింది.

నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లున్నప్పుడు అవ్వకు విజిట్ వీసా దొరికింది. దమ్మామ్ విమానాశ్రయంలోంచి బయటికొచ్చింది హుసేనమ్మ అవ్వ, వెంట ఆ మనిషి ఎంతుందో అంతున్న సంచి. నాయన దాన్ని ఎత్తబోయి నడుం పట్టుకున్నాడు. ఇంటికొచ్చి విప్పితే పాత చీరలో చుట్టిన రోలు, దాని గుండు.

"అమా! విమానంలో రాళ్లు మోసుకొచ్చినావా? ఈడ మిక్సీ ఉండాది గదా!"

"మిక్సీలో పచ్చడి ఉడికిపోతాది. నోరు మూసుకోని గట్టున పెట్టు."

ఆ చలికాలమంతా మా ఇంట్లో రోటి చప్పుడే. చెనిక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలూ చింతపండూ వెల్లుల్లీ వేసి అవ్వ ఊరిమిండి నూరుతుంటే ఆ ఘాటుకి మెట్ల మీద పోయేవాళ్లు తుమ్మేవాళ్లు. కింది ఇంటి ఈజిప్టు ఆమె చప్పుడు భరించలేక గొడవకని పైకొచ్చి, గిన్నెడు పచ్చడి పట్టుకుని కిందికి పోయింది. మర్నాడు ఖాళీ గిన్నెతో మళ్లీ వచ్చింది. అవ్వ చేతుల్లో తిరిగీ తిరిగీ ఆ గుండు నున్నగా, నల్లగా, నూనె పూసినట్టు మెరిసేది. అది ఆమె కాపురానికొచ్చినప్పటిది, తాతే సంతలో కొనిచ్చాడట.

"మీ నాయన కాడికి యెప్పుడు తీసకపోతావు?" అని అవ్వ వచ్చిన మర్నాటి నుంచీ అడుగుతూనే ఉంది. ఇవాళ గాలి అని, రేపు డ్యూటీ అని నాయన తప్పించుకు తిరిగాడు. వీసా గడువు దగ్గరపడింది. ఒక రాత్రి అన్నం ముందు నాయన ముద్ద నోట్లో పెట్టుకోలేక చెప్పేశాడు.

"అమా, నాకే గుర్తు దొరకకుండా పోతాంది. పక్కనున్న ముళ్లచెట్టు కొట్టేసినారు. గాలికి దిబ్బలన్నీ ఒకటే అయిపోయినాయి. పోయిన పండక్కి రెండు గోరీల నడుమ నిలబడి ఇద్దరికీ దువా చదివొచ్చినా. ఇంకో రెండేండ్లు పోతే ఆ వరసే తెలీదు."

అవ్వ చేతిలో గుండు ఆగిపోయింది. "మీ నాయన్ను పోగొట్టుకున్నావా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని నాయన ఇప్పటికీ అంటాడు. గుండు మళ్లీ తిప్పుతూ, "శుక్రారం పోదాం" అంది.

శుక్రవారం ఉదయం అవ్వ రొట్టె చిదిమి బెల్లం, నెయ్యి కలిపి మలీద చేసింది. మల్లెపూలు, ఊదొత్తులు సర్దుకుంది. ఆ పక్కన బరువైన సంచి ఒకటి పెట్టుకుంది, అందులో ఏముందో ఎవరినీ ముట్టనివ్వలేదు. ఖతీఫ్ తోటలు దాటాక భూమి చాపలా పరుచుకుపోయింది. ఎటు చూసినా పాలిపోయిన ఇసుక, అక్కడక్కడా ఒంటెలు మేసే ముళ్లపొదలు, దూరంగా నడుమెత్తు గోడ. గోడలోపల వందల రాళ్లు, అన్నీ ఇసుక రంగువే.

కాపలా ఉన్న యెమెన్ పెద్దాయన టీ గ్లాసుతో ఎదురొచ్చాడు. ఊదొత్తులు చూసి "మమ్నూ" అన్నాడు, అంటే కూడదని. పూలు చూసి "మమ్నూ" అన్నాడు. అవ్వ లోపలికి అడుగు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఆడవాళ్లు లోపలికి రావడం అసలే "మమ్నూ" అన్నాడు.

"ఈయప్పకు ఆ ఒక్క మాటే వచ్చునా యేంది?" అని అవ్వ ఆయన చేతిలో మలీద ముద్ద పెట్టింది. దానికి మాత్రం ఆయన ఏమీ అనలేదు, తిన్నాడు.

అవ్వ కొంగు బిగించి గోడ దగ్గర నిలబడింది. నన్ను గోడ మీద కూర్చోబెట్టింది. దగ్గరిది సూదిబెజ్జం కనబడకపోయినా, దూరందైతే కొండమీది మేకను చెప్పే కళ్లు ఆమెవి. నాయన లోపలికి పోయి, రెండు దిబ్బల నడుమ అటూ ఇటూ చూస్తూ నిలబడిపోయాడు. అంత పెద్ద మనిషి తప్పిపోయిన పిల్లాడిలా ఉంటే నాకు ఏడుపొచ్చింది.

"మస్తానూ! పండుకో!" అని అవ్వ గోడ ఇవతల నుంచి కేక పెట్టింది.

"యేంది మా?"

"మీ నాయన పంచె నీకు కొలిచినట్టు సరిపోయేది గదరా! తలకాడి రాయికి తల సరిగ్గా పెట్టి పక్కన పండుకో! కాళ్లు యాడికొస్తాయో నేను చూస్తా!"

"నవ్వుతారు మా!"

"నవ్వనీ! పండుకో!"

నాయన తువ్వాలు పరుచుకుని మొదటి దిబ్బ పక్కన పడుకున్నాడు. పాదాలు కాళ్లదగ్గరి రాయిని దాటి మూరెడు బయటికొచ్చాయి. "ఆడ ఉండేది ఎవురో పొట్టాయన! లెయ్, రెండోదానికాడికి పో!" అంది అవ్వ. ముసలాయన ఇదేం పిచ్చి అన్నట్టు టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నాయన రెండో దిబ్బ పక్కన పడుకున్నాడు. అప్పుడు ఆ ముసలాయనకు సంగతి తెలిసింది. గ్లాసు ఇసుకలో పెట్టి, పరుగులాంటి నడకతో పోయి, వంగి నాయన కాళ్లు తిన్నగా సర్దాడు. మడమలు సరిగ్గా రాయి దగ్గర ఆగాయి. "హాదా! హాదా!" అని ఇదేనని ఆయనే ముందు అరిచాడు. నేను గోడ మీద గంతులేశాను. నాయన మాత్రం లేవలేదు, పడుకునే చేతులు మొహం మీద పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అప్పుడు అవ్వ ఆ సంచి విప్పి గుండు తీసింది. పెద్దాయన దగ్గరికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి, వేలితో రాసి చూశాడు. "చూసుకో నాయనా, అచ్చరం ముక్క లేదు. వొట్టి రాయే" అంది అవ్వ. తెలుగు ఆయనకేం తెలుస్తుంది, అయినా తెలిసింది. "హజర్" అన్నాడు, రాయే కదా అని. తనే మోసుకుపోయి నాయనకిచ్చాడు. "పక్కకు గాదు, తలాపున! సగం పూడ్చు, పొర్లిపోతాది!" అని గోడ ఇవతల నుంచి అవ్వ పెత్తనం చేస్తూనే ఉంది. పాత రాయి పక్కనే గుండు నిలబెట్టి నాయన తప్పుకున్నాడు. ఆ పాలిపోయిన రాళ్లన్నిటి మధ్యా, మా వంటింట్లో మెరిసినట్టే, నల్లగా మెరిసింది. ఎంత దూరం నుంచైనా చెప్పొచ్చు.

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. జనాభా లెక్కలవాళ్లు వచ్చి అడిగినా అవ్వ మొహం తిప్పుకుని పక్కింటామె చేత చెప్పించిన మనిషి. అలాంటిది గోడ మీద రెండు చేతులూ ఆనించి, ఊపిరంతా కూడదీసుకుని, "దస్తగిరీ!" అని అరిచింది. ముళ్లపొద మీది పిట్టలు లేచిపోయాయి. "రాయొద్దంటిరి గదా, పిలిచినా. పిలిస్తే యేం మమ్నూ?" అంది మా వైపు తిరిగి. కళ్లెమ్మట నీళ్లు కారుతున్నాయి, నోటినిండా నవ్వు. నేను నా జన్మలో అంత గెలిచిన మొహం మళ్లీ చూళ్లేదు.

ఆ రాత్రి అమ్మ పచ్చడి మిక్సీలో వేసింది. "థూ, దరిద్రంగా ఉండాది" అని అవ్వ రెండుసార్లు మారు వడ్డించుకుని తింది. రోలు మాకే వదిలేసి ఊరికి పోయి, అక్కడ ఈ కథ చెప్పని ఇల్లు లేదట. ఇప్పుడు ఆమె ఊళ్లోనే ఉంది, కడప బండ కింద, పేరుతో సహా.

పాత ఖోబర్‌లో మా ఇల్లు కొట్టేశారు. రొట్టెల పొయ్యి పోయింది, దాని చోట ఫోన్ల కొట్టు వచ్చింది. తాత నీళ్లు కట్టిన తోటలో ప్లాట్లు వేశారు, ఆ ఖర్జూరం, డీజిలు వాసన ఏ శుక్రవారమూ రాదు. యెమెన్ పెద్దాయన ఏమయ్యాడో తెలియదు. నాయన ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఊరికి పోయి మోకాళ్ల నొప్పులతో ఫోనులో కాలక్షేపం చేస్తున్నాడు. శ్మశానం నడుమెత్తు గోడ తీసేసి మనిషికి మించిన గోడ కట్టారు. అది చూసిన రోజు, గేటు బయటే నిలబడి, ఇక మాకు ఇంతే అనుకున్నాను.

కానీ ఇక్కడ ఆడవాళ్లు కారు నడిపే రోజులొచ్చాయి, నేనూ లైసెన్సు తీసుకున్నాను. ఆ పల్లె పక్కనే పెద్ద రోడ్డు మీద కొత్త వంతెన కూడా లేచింది. ఈ చలికాలం ఒక శుక్రవారం సనాను పక్కన కూర్చోబెట్టుకుని, దారిపొడవునా గుండు కథ చెబుతూ వంతెన ఎక్కాను. పైకి పోయేసరికి ఆ ఎత్తు గోడ కిందికి దిగిపోయి, లోపలిదంతా అరచేతిలా తెరుచుకుంది. స్టీరింగు వదిలి నేను చూడలేను, ఆగడానికి వీల్లేదు.

"చూడు సనా, బాగా చూడు" అన్నాను.

"అన్నీ ఒకటే రంగు ఉన్నాయి మా... మా! అదో! నల్లది! గుండ్రంగా! మన రోటిదే!"

నేను హారన్ మీద చెయ్యి వేసి తీయలేదు. వెనక లారీవాడు ఏమనుకున్నాడో అనుకోనీ. "ఆయన పేరేంటి మా?" అని అడిగింది. చెప్పాను. అది అద్దం దించి, తల బయటపెట్టి, గాలికి ఎదురుగా "దస్తగిరీ!" అని అరిచింది. తల లోపల పెట్టు అని కూడా నేను అనలేదు.

ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లు గుండేదని అడిగితే జవాబు చెప్పేది సనానే.